దిగే బొమ్మ

ఐదింటికి గానీ లోపలికి వదలరట. ఇప్పుడు నాలుగూ ఐదు. పిల్లల వార్డు తలుపు పక్కన కుర్చీ వేసుకున్న ఆయా నా వంక చూడకుండానే ఆ మాట చెప్పి, మళ్ళీ దూది ఉండలు చుట్టుకోవడంలో పడింది. ఎదురుగా ఇనప బెంచీ ఉంటే కూర్చున్నాను. దాని చల్లదనం ప్యాంటులోంచి తుంటి ఎముకల్లోకి ఎక్కుతోంది, ఫినాయిలు వాసన ముక్కును కోస్తోంది, లోపల ఎవరో సన్నగా, ఆగకుండా, ఏడుపు అనడానికి కూడా వీల్లేని చప్పుడొకటి చేస్తున్నారు, నేను మాత్రం గోడ మీది కుందేలును చూస్తున్నాను. పిల్లల వార్డు కదా అని గోడల నిండా ఎవరి చేతో బొమ్మలు వేయించారు. చెవులు బాగానే కుదిరాయి. కాళ్ళే నేలకు ఆనలేదు. గడ్డికీ పాదాలకీ మధ్య బెత్తెడు ఖాళీ, ఉరి తీసినట్టు గాలిలో వేలాడుతోంది పాపం. కింద ఒక్క చారెడు నీడ పూసి ఉంటే సరిపోయేది. ఇలాంటి పని మీద ఇక్కడికి వచ్చి, లోపలివాళ్ళు నన్ను ఏమంటారో, ఏం చేస్తారో తెలియని ఈ గంటలో, కుందేలు కాళ్ళకు వంకలు పెడుతున్నాను. ముప్పై నాలుగేళ్ళుగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసిన కళ్ళు ఇవి. మనిషి సిగ్గుతో చచ్చిపోతున్నా కళ్ళకు మాత్రం సిగ్గుండదు.

మంగళవారం మధ్యాహ్నం ఫోను మోగినప్పుడు కప్ప వీపుకు ఆకుపచ్చ పూస్తున్నాను. తడి ఆరేలోపు రెండో పూత పడాలి, అందుకని ఎడమ చేత్తో ఎత్తి భుజానికి ఆనించుకున్నాను. "సార్, గాలిపిల్ల పుస్తకానికి బొమ్మలు వేసింది మీరేనా?" అని ఎవరో మగగొంతు. వెనకాల ఇనుము మీద సుత్తి దెబ్బలు. అవునన్నాను. అని, కుంచె కింద పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది అక్కడే. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రశ్న తర్వాత వచ్చేది పొగడ్తే, మా పాపకు మీ బొమ్మలంటే ప్రాణం సార్ అనే మాటే, అందుకని పొగడ్త కోసం తీరిగ్గా వెనక్కి వాలాను. "మా పాప మేడ మీంచి దూకింది సార్. గొడుగు పట్టుకుని." సుత్తి దెబ్బలు ఆగలేదు. అతను ఎక్కడో గ్యారేజీలో నిలబడి మాట్లాడుతున్నాడు. "బతికే ఉంది సార్. నడుం కింద తెలీట్లేదు. మీతో ఒక మాట మాట్లాడాలంటోంది. రెండు వారాల నుంచీ అదే పాట." ఏం మాట అని అడిగాను. "మాకు చెప్పట్లేదు సార్. బొమ్మలాయన్నే అడుగుతానంటోంది." అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేదని అప్పుడు అనిపించలేదు, ఫోను పెట్టేశాక అనిపించింది. కప్ప వీపు మీద రంగు మరకలు కట్టి ఆరిపోయింది. ఆ కాగితం చింపేశాను.

ఏం మాట. నాలుగు రోజులుగా అదే. ఎనిమిదేళ్ళ పిల్ల నన్ను ఏం అడుగుతుంది. ఎందుకు వేశావు అంటుందా. నువ్వు ఎప్పుడైనా ఎగిరావా అంటుందా. పుస్తకంలో రాసింది మూడు ముక్కలే, "గాలిపిల్ల మేడ ఎక్కింది. గొడుగు విప్పింది. ఎగిరింది." రచయిత్రి నిన్న ఫోనులో అదే అంది, ఏడుస్తూనే అంది గానీ అదే అంది. "నేను ఎగిరింది అని ఒక్క మాట రాశానండీ. ఒక్క మాట." నిజమే. పిట్టగోడ ఎలా ఎక్కిందో ఆవిడ రాయలేదు. ఏడేళ్ళ పిల్లకు గుండెల దాకా వచ్చే గోడ, ఒక్క ఉదుటున ఎలా ఎక్కుతుంది, ఎవరు నమ్ముతారు. నన్ను పీడించింది ఆ సందేహమే. అందుకే పేజీ అడుగున నాలుగు చిన్న బొమ్మలు పేర్చాను. స్టూలు. స్టూలు మీద బోర్లించిన బకెట్టు. బకెట్టు మీద కుడికాలు. గోడ మీద మోకాలు. స్టూలు ఎత్తు టేపుతో కొలిచాను, బకెట్టు జారకుండా దాని కింద తడిగుడ్డ కూడా వేశాను, బొమ్మలో ఆ గుడ్డ అంచు కనిపిస్తుంది. నాకు పని నేర్పింది మా మావయ్య, అమ్మకు తమ్ముడు, షాపుల బోర్డులు రాసేవాడు. "అబద్ధం చెప్పాలంటే దాని చుట్టూ నాలుగు నిజాలు పెట్టాలిరా" అనేవాడు బీడీ పొగలోంచి. నాలుగు నిజాలూ పెట్టాను. ఐదో బొమ్మలో అబద్ధం చెప్పాను, కింద వీధిలో దాని నీడ కూడా వేసి మరీ చెప్పాను. ఆ నీడను చూసే ఎవరో పత్రికలో రాశారు, ఈ చిత్రకారుడు పిల్లల చేత గాలిని కూడా నమ్మిస్తాడు అని. ఆ ముక్క కత్తిరించి బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాను. నిన్న తీశాను. తీసి ఏం చేయాలో తెలియక మళ్ళీ అక్కడే పెట్టాను.

ప్రచురణకర్త రావద్దన్నాడు. "మీరు అక్కడికి వెళ్ళారంటే తప్పు ఒప్పుకున్నట్టే. లాయరుతో మాట్లాడే దాకా గుమ్మం దిగకండి." ఆయన చెడ్డవాడు కాదు. భయపడుతున్నాడు. భయపడినప్పుడు మనుషులు పొడి మాటలు మాట్లాడతారు. మా అమ్మాయి కూడా పొద్దున్నే ఫోను చేసింది, బ్యాంకుకు వెళ్ళే హడావుడిలో, వెనకాల పిల్లాడికి బూట్లు తొడుగుతున్న చప్పుడు. "నాన్నా, నువ్వు వెళ్ళకు. నీకు బీపీ. డబ్బేమన్నా పంపిద్దాం, మనిషివి మాత్రం వెళ్ళకు." అప్పటి గాలిపిల్ల అదే. అదే నిలబడింది నాకు బొమ్మ కోసం, ఏడేళ్ళప్పుడు, ముందు పళ్ళు రెండూ ఊడిపోయి. మా ఆవిడ ఏమీ అనలేదు. చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ వీపుకు తగిలించింది. గుమ్మం దాకా వచ్చి, "వాళ్ళేమన్నా పడండి. ఎదురు చెప్పకండి" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో నాకు చెప్పాల్సిన మాట ఎప్పుడూ చెప్పులు వేసుకునేటప్పుడే చెబుతుంది. సరే పడతాను అనుకున్నాను. బస్సులో నిలబడి దారంతా పడటానికే సిద్ధపడ్డాను. చెంప మీద కొడితే ఎలా నిలబడాలి, కాలర్ పట్టుకుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ బొమ్మ కట్టుకున్నాను. బొమ్మ కట్టుకోవడం తప్ప నాకు ఇంకేం వచ్చు.

తీరా ఇప్పుడు ఒకతను మెట్లెక్కి వచ్చి, చేతుల్లో రెండు కాగితం కప్పులతో నా ముందు నిలబడ్డాడు. గోళ్ళ కింద నల్లటి గ్రీజు, ఎంత తోమినా వదలని రకం. "మీరే కదా సార్? సంచీ చూసి అనుకున్నా." నా భుజాన బొమ్మల సంచీ ఉంది, అలవాటుగా తగిలించుకుని వచ్చేశాను. లేవబోతే కూర్చోమని టీ నా చేతికిచ్చాడు. తేలు కుట్టిన దొంగలా పుచ్చుకున్నాను. పక్కన కూర్చున్నాడు. బెంచీ కొంచెం కిందికి దిగింది. ఏమన్నా పడటానికి వచ్చినవాడికి టీ ఇస్తే ఏం చేయాలో మా ఆవిడ చెప్పలేదు. "చల్లారిపోద్ది, తాగండి సార్" అన్నాడు. తాగాను. అతను ఎదురుగా గోడ వంక చూస్తూ, ఎవరికో రిపేరు సంగతి వివరించినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆదివారం. పొద్దున పది. తను పనికి పోయాడు, ఎవరిదో లారీ రోడ్డు మీద ఆగిపోయిందంటే. భార్య కింద మిషను మీద ఉంది, బడి యూనిఫారాలు ఎనభై జతలు సోమవారానికి ఇవ్వాలి. మిషను చప్పుడులో ఏమీ వినపడలేదు. పడిన చప్పుడు కూడా పక్కింటివాళ్ళకే వినిపించింది. "పుస్తకం నేనే కొన్నాను సార్, పుట్టినరోజుకి. బొమ్మలు బాగున్నాయని నేనే ఏరాను." అని టీ కప్పును రెండు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. నన్ను క్షమించు అనాలి. నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అంటే అతను పర్లేదు సార్ అనాల్సి వస్తుంది, పర్లేదని అతని చేత అనిపించడానికి నేనెవణ్ణి, అందుకని మింగేశాను. టీతో పాటు.

అతను మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళాడు. నాలుగున్నర. ఒక పిల్లవాడు, ఆరేళ్ళుంటాయేమో, చేతికి సిమెంటు కట్టుతో, వాళ్ళమ్మ వేలు పట్టుకుని నా ముందు నుంచి నడిచి వెళ్ళాడు. కట్టు మీద ఎవరో పెన్నుతో చేప బొమ్మ గీశారు. దాన్ని చూడకుండా తల తిప్పుకున్నాను, తిప్పుకున్నా ఆ ఉత్తరం ఆగలేదు, నాలుగు రోజులుగా ఏ మూల నుంచి వస్తుందా అని నేను భయపడుతున్న ఉత్తరం ఆ పిల్లవాడి వెనకాలే నడిచి వచ్చేసింది. పదకొండేళ్ళ కిందటిది. నాలుగు గీతల కాపీ కాగితం, గుండ్రటి అక్షరాలు. "మా తమ్ముడు మీ గాలిపిల్లలా గోడ మీంచి దూకాడు. చెయ్యి విరిగింది. అమ్మ తిట్టింది. కానీ మీ పుస్తకం చాలా బాగుంది. ఇంకో పుస్తకం ఎప్పుడు?" చదివి ఎంత నవ్వానో. మా ఆవిడను వంటింట్లోంచి పిలిచి చదివి వినిపించాను, ఆవిడ నవ్వలేదు, ఆవిడకు హాస్యం అంతగా పట్టదులే అనుకున్నాను. రచయిత్రికి ఫోనులో చదివాను, ఆవిడ పడీ పడీ నవ్వింది. తర్వాత ఎక్కడికి వెళ్ళినా అదే చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా దానికి సానబెట్టాను. అమ్మ తిట్టింది దగ్గర కొంచెం ఆగాలి, కళ్ళజోడు పైకి తోసుకోవాలి, అప్పుడు "కానీ మీ పుస్తకం చాలా బాగుంది" అనాలి. హాలు హాలంతా ఘొల్లుమనేది. నాకు బహుమతి ఇచ్చిన రోజు మైకులో చెప్పాను. మూడు వందల మంది. ఎంత ఎత్తు గోడ అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. జవాబు మాత్రం రాశాను, తమ్ముణ్ణి అడిగానని చెప్పు అని, పక్కన చేతికి కట్టు కట్టుకున్న కప్ప బొమ్మ వేసి. ఆ ఏడాదే పుస్తకం మళ్ళీ అచ్చయింది. ఏమన్నా మార్పులున్నాయా అని ప్రచురణకర్త అడిగితే, ఉన్నాయి, అట్ట మీద నీలం కాస్త పలచనైంది, చిక్కగా కావాలన్నాను.

చెయ్యి విరిగి ఉత్తరం రాసినవాళ్ళు ఒకళ్ళు. రాయనివాళ్ళు. ఉత్తరాలు రాయని ఇళ్ళు ఎన్ని. ఇరవై రెండేళ్ళు, తొమ్మిది ముద్రణలు, ఎన్ని మేడల మీద ఎన్ని బకెట్లు బోర్లాపడ్డాయో, ఎంతమంది పిల్లల్ని ఎవరి అత్తయ్యో బట్టలు తీయడానికి పైకి వచ్చి రెక్క పట్టుకుని లాగిందో, ఎన్నిసార్లు గాలి లేక గొడుగు తెరుచుకోక విసుగుపుట్టి దిగిపోయారో. అదృష్టం నన్ను కాపలా కాసిందన్నమాట ఇన్నాళ్ళూ. నేనది నా ప్రతిభ అనుకున్నాను. చేతుల వంక చూసుకున్నాను. కుడి చూపుడు వేలి పక్కన పెన్సిలు ఒరిసి కాసిన కాయ. ఈ చేతుల్ని ముద్దు పెట్టుకున్న పిల్లలున్నారు, ఒక బళ్ళో, వరసలో నిలబడి.

గంట కొట్టారు. ఆయా దూది పళ్ళెం పక్కన పెట్టి తలుపు తీసింది. జనం ఒక్కసారి లోపలికి తోసుకున్నారు, సంచులు, క్యారేజీలు, ఒకావిడ చంకలో దిండు. మెకానిక్కు, ఆ పిల్ల తండ్రి, మందులతో వచ్చి నా మోచెయ్యి పట్టుకుని వరసల మధ్య నుంచి తీసుకెళ్ళాడు. కిటికీ పక్క మంచం. పిల్ల నేను అనుకున్నదాని కంటే చిన్నది. మెడకు తెల్లటి పట్టీ, జుట్టు పొట్టిగా కత్తిరించేశారు, దుప్పటి కింద కాళ్ళు ఉన్నచోట రెండు సన్నటి ఎత్తులు, కదలనివి. మంచం చివర వాళ్ళమ్మ తువాలు మడత పెడుతూ నిలబడి ఉంది. నాకు నమస్కారం కూడా పెట్టింది, పెట్టి మళ్ళీ తువాలు అందుకుంది. దిండు పక్కన పుస్తకం ఉంది. నీలం చిక్కగా ఉంది.

"తాతగారొచ్చారమ్మా" అన్నాడు తండ్రి. పిల్ల తల తిప్పలేదు, తిప్పడానికి వీల్లేదు కాబోలు, కళ్ళు మాత్రం నా వైపు జరిపింది. కాసేపు చూసింది. "మీరేనా బొమ్మలేసింది?" అంది. అవునన్నాను. ఈసారి వెనక్కి వాలలేదు.

"గాలిపిల్ల ఎలా దిగింది?"

నాకు అర్థం కాలేదు. వంగాను. ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు నాకు చెప్పింది. "నేను బాగానే ఎక్కాను తాతా. స్టూలు, బకెట్టు, అన్నీ బొమ్మలో ఉన్నట్టే. గొడుగు గట్టిగానే పట్టుకున్నా. కొంచెంసేపు ఎగిరాను కూడా. దిగడమే తెలీలేదు. పుస్తకంలో దిగే బొమ్మ లేదుగా."

లేదు. ఉండేది. రచయిత్రి రాసింది, "అమ్మ పిలిచింది. గాలిపిల్ల దిగివచ్చింది" అని, రెండు ముక్కలు. పెన్సిలుతో వేశాను కూడా. ముడుచుకున్న గొడుగు, వాకిట్లో రెండు పాదాలు. ఆ పాదాలు కుదరలేదు. నాలుగుసార్లు చెరిపాను, ఎన్నిసార్లు వేసినా పిల్ల నేల మీదికి దిగినట్టు కాక నేలకు మేకు కొట్టినట్టు ఉండేది. ఇంతలో ప్రచురణకర్త, మూడు ఫారాల కాగితంలోనే పుస్తకం సరిపెట్టాలి, చివరి పేజీలో మన మిగతా పుస్తకాల పట్టిక వేసుకోవాలి, ఆ దిగడం లేకపోతే ఏమన్నా పోతుందా అన్నాడు. ఏం పోదు, పిల్లలే ఊహించుకుంటారు అన్నది నేను. రచయిత్రి కాదు, ఆయన కాదు, నేను. ఆ పాదాల బెడద వదిలిందని ఆ రోజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

పిల్ల ఎదురు చూస్తోంది. జేబులో పెన్సిలుంది. సంచీలో కాగితాలున్నాయి. రెండు నిమిషాల పని. కానీ ఆ బొమ్మ కూడా నమ్ముతుంది ఈ పిల్ల. నా బొమ్మ నమ్మి ఇక్కడ పడుకుంది, మళ్ళీ ఇంకో బొమ్మా అనుకున్నాను. ఈ నాలుగు రోజుల్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరో ఒకరు అనాలి, ఎవరూ అనకపోతే నేనే అనుకోవాలి అని కూడా అనుకున్నానేమో, ఇప్పుడు చెప్పలేను. "దిగలేదమ్మా" అన్నాను. "అసలు ఎగరలేదు కాబట్టి దిగలేదు. అది మా అమ్మాయి. అప్పుడు నీ అంతే ఉండేది. బొమ్మ కోసం నేనే పిట్టగోడ ఎక్కించాను. భయంతో ఒకటే ఏడుపు. వాళ్ళమ్మ వెనకాల నిలబడి రెండు చేతులతో నడుం గట్టిగా పట్టుకుంది. నేను ఏడుపు తీసేసి నవ్వు పెట్టాను. వాళ్ళమ్మ చేతులు వేయలేదు. తప్పు నాదమ్మా. నీది కాదు. నువ్వేం తప్పు చేయలేదు."

చెప్పేశాను. ఒళ్ళంతా చెమట, అయినా గుండె మీంచి రాయి జరిగినట్టు, సిగ్గులేని తేలిక. పిల్ల కిటికీ వైపు చూస్తూ ఆలోచించింది.

"ఆ అక్క పడలేదా?"

"పడలేదు."

"వాళ్ళమ్మ పట్టుకుంది కాబట్టి."

"అవునమ్మా. అందుకే."

అప్పుడు కళ్ళు మెల్లగా నా మీంచి జరిపి, మంచం చివరి దాకా తీసుకెళ్ళింది. కోపం లేదు ఆ గొంతులో. తెలుసుకోవాలని అడిగింది, అంతే. "మరి నువ్వెక్కడున్నావమ్మా అప్పుడు?"

తువాలు మడత సగంలో ఆగింది. మెకానిక్కు తల వంచుకుని మందుల కవరు విప్పడం మొదలుపెట్టాడు, దాని పిన్ను ఊడిరాలేదు. పక్క మంచం దగ్గర ఎవరో నారింజ ఒలుస్తున్నారు. "కింద ఉన్నానమ్మా" అంది తల్లి. "మిషను మీద." ఊఁ అంది పిల్ల. అని కళ్ళు మూసుకుంది. అది కాదమ్మా, అమ్మ తప్పు కాదు, అని నేనేదో మొదలుపెట్టాను, మాటలు నాకే గులకరాళ్ళలా వినిపించాయి, పిల్ల కళ్ళు తెరవలేదు. తల్లి తువాలు విప్పింది, మళ్ళీ మొదటి నుంచీ మడత పెట్టింది, అంచుకు అంచు కలిపి, గోరుతో రుద్ది, కుట్టుపని చేసే మనిషి మడత పెట్టినట్టు.

నేను వెళ్ళొస్తానన్నాను. ఎవరూ ఉండమనలేదు. తలుపు దాకా ఆవిడే వచ్చింది. వెనకాల వస్తోందని చెప్పుల చప్పుడును బట్టి తెలిసింది. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు పడతాను అనుకుని ఆగి తిరిగాను. ఆవిడ నా ముఖం వంక చూడలేదు, నా జేబులో పెన్సిలు వంక చూస్తూ, లోపలికి వినపడకుండా నెమ్మదిగా అంది.

"ఎలాగో ఒకలా దిగిందని చెప్పేస్తే సరిపోయేది కదండీ."

అని లోపలికి వెళ్ళిపోయింది, పిల్ల లేస్తుందని తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి.